నూకయ్య తెప్ప ఎడమ కన్ను

మా బావ గంగులు తెప్ప మీద చేప బొమ్మ వేస్తే అది చేపే. నా మాట నమ్మకపోతే పిల్లుల్ని అడగండి. ఓ ఏడాది ఒక తెప్ప పక్కన నీలం రంగు సొర వేశాడు. ఊళ్ళో పిల్లులన్నీ మూడు రోజులు దాని చుట్టూ తిరిగి, నాలుగో రోజు పెయింటు నాకి, ఐదో రోజు అవమానం భరించలేక చీపురుపల్లి వెళ్ళిపోయాయి. ఇప్పటికీ చీపురుపల్లి స్టేషన్లో తిరిగే పిల్లులకు మూతి కొంచెం నీలంగా ఉంటుంది. ఆ ఊరివాళ్ళకు కారణం తెలియదు, నాకు తెలుసు.

నేను ఇంటర్ రెండో ఏడు మధ్యలో కాలేజీని వదిలేసినవాణ్ణి. కాలేజీ ఇంకా తేరుకోలేదని వినికిడి. అంచేత నాకు పుస్తకాల సంగతులు తెలియకపోవచ్చు గానీ, 2016 ఎండాకాలంలో గంగులు బావ పడ్డ యాతన మాత్రం నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అందులో సగానికి కారణం నేనే.

పూసపాటిరేగ దాటి సముద్రం వైపు పోయే రోడ్డు ఎక్కడ ఇసకలో కలిసిపోతుందో అక్కడ మా ఊరు. నలభై ఫైబర్ తెప్పలున్నాయి. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా వేట మీద నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ తెప్పలన్నీ ఒడ్డెక్కి బోర్లా పడుకుంటాయి. వేట లేని ఆ కాలమే బావకు కోతల కాలం. ఒళ్ళంతా రంగు, పేరు, నంబరు, పక్కల మీద చేపలు, అన్నీ అయ్యాక చివరికి కళ్ళు. తెప్ప ముక్కుకు అటొకటి ఇటొకటి పళ్ళెమంత కన్ను గీసి, లోపల తెల్లగా వదిలేస్తారు. నల్లగుడ్డు పెట్టేది తెప్ప నీళ్ళలోకి దిగే రోజు ఉదయమే. ప్రయాణం లేనిదానికి చూపు ఇవ్వకూడదని మా ఊరి పట్టింపు. ఆ నల్లగుడ్డు పెట్టే పని ఇరవై ఏళ్ళుగా గంగులు బావదే.

ఆ ఏడు అతని మేనమామ నూకయ్య కొత్త తెప్ప కొన్నాడు. పాత తెప్పతో పాతికేళ్ళు వేటాడిన మనిషి, కొత్తదాన్ని చూసి కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడుతున్నాడు. "మా అల్లుడే కన్ను తెరవాల. ఇంకోడి సెయ్యి పడితే నాను దాన్లో కాలెట్టను" అని రేవులో అందరి ముందూ చెప్పాడు.

ఏప్రిల్ మొదటి వారానికే బావ దాని రంగూ పేరూ చేపలూ ముగించి కళ్ళ దగ్గరికి వచ్చాడు. పక్కన ఉన్న ఇంకో తెప్ప అంచు మీద నిలబడి నూకయ్య తెప్ప ముక్కుకు ముందు ఎడమ కన్ను గీత, తర్వాత కుడి కన్ను గీత గీశాడు. గీసిన తర్వాత ఏ పెయింటరైనా చేసేదే చేశాడు. ఎలా ఉందో చూసుకోవడానికి ఒక అడుగు వెనక్కి వేశాడు. నేల మీద నిలబడ్డాననుకున్నాడు. ఎడమ కాలి ఎముకలు రెండూ విరిగాయి.

విజయనగరం ఆసుపత్రిలో తొడ దాకా పిండికట్టు వేసి, పది వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. వేళ్ళ మీద లెక్కేసుకుంటే కట్టు విప్పేది జూన్ పదకొండున. తెప్పలు దిగేది పదిహేనున. మధ్యలో నాలుగు రోజులు.

ఇక చూడండి మా అక్క లక్ష్మణమ్మ కష్టాలు. మా వైపు అక్కను అప్ప అంటాం. బావను వరండాలో మంచం మీద పడుకోబెడితే ఎదురుగా రేవు మొత్తం కనిపిస్తుంది. ఆ రేవులో భీమిలి నుంచి వచ్చిన గోపి అనేవాడు బావ వెయ్యాల్సిన తెప్పలకు స్టిక్కర్లు అంటిస్తున్నాడు. చేప స్టిక్కరు, పువ్వు స్టిక్కరు, కన్ను స్టిక్కరు. గుడ్డ పెట్టి రుద్దుతాడు, వెనక కాగితం పీకుతాడు, అయిపోతుంది. ఒక్కొక్క కాగితం పీకినప్పుడల్లా బావ తన చర్మం పీకినట్టు మూలిగేవాడు. మంచం మీంచే ఫ్యాన్‌ను తిట్టాడు, కాకుల్ని తిట్టాడు, పక్కింటి టీవీలో ఏడ్చే కోడల్ని తిట్టాడు. ఇంక తిట్టడానికి ఏమీ మిగలక అప్ప వండిన చారును తిట్టేసరికి, అప్ప నాకు ఫోన్ చేసింది.

"ఒరే ఈశ్వరా, మీ బావకి సేతికి ఏదో ఒక పనియ్యకపోతే రెండో కాలు నాను ఇరగ్గొడతాను."

నేను అప్పట్లో విశాఖపట్నంలో ఇళ్ళ సామాన్లు మార్చే కంపెనీలో ఉన్నాను. నా చెయ్యి పడందే అక్కడ బీరువాలు గడప దాటేవి కావు. ఆ వారమే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఇల్లు ఖాళీ చేస్తూ ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టి, కావాలంటే తీసుకోమన్నాడు. లోపల బూడిద రంగు ప్లాస్టిక్ బొమ్మలు ముప్పై మూడు. ఒక్కొక్కటి బొటనవేలంత. గొడ్డళ్ళు పట్టుకున్న మరుగుజ్జులు, కత్తులు పట్టిన అస్థిపంజరాలు, కోరల రాక్షసులు, రెక్కల పాము ఒకటి, పొడుగు టోపీ మాంత్రికుడు ఒకడు. వీటికి రంగులు వేసి, బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేసుకుంటూ యుద్ధం ఆడతారట. రెండేళ్ళయినా రంగు వేసే తీరిక అతనికి దొరకలేదు. తీరిక తప్ప ఇంకేమీ లేని మనిషి నాకు తెలుసు కదా అని పెట్టె పట్టుకుని ఊరొచ్చేశాను, తెప్పలు దిగేదాకా అక్కడే ఉండిపోయాను.

బావ పెట్టె తెరిచి, ఒక మరుగుజ్జును తోకపట్టిన ఎలకలా పైకెత్తాడు.

"ఏట్రా ఇది?"

"రంగులెయ్యి బావా. ఊసుపోతాది."

"ముప్పై అడుగుల తెప్పకి రంగులేసినోడికి ఏలెడు బొమ్మ తెచ్చీసినావా. నాకు కాలిరిగిందని సెప్పారా, బుర్రిరిగిందని సెప్పారా నీకు?"

అప్ప వంటింట్లోంచి తొంగి చూసింది. "మంచం మీద ఒక దెయ్యముంటే సాల్లేదనా, ఇంకో ముప్పై మూడు తెచ్చావు?"

కానీ మర్నాటికే మరుగుజ్జుకు పేరు వచ్చేసింది. ఆ గడ్డం, ఆ బొజ్జ, ఆ కోపం చూసి నారాయణమూర్తి అన్నాడు బావ. మా ఊళ్ళో ఎరువుల కొట్టు నారాయణమూర్తి అచ్చం అలాగే ఉంటాడు, గొడ్డలి ఒక్కటే తక్కువ. పేరు పెట్టాక రంగు వెయ్యక తప్పలేదు. తెప్పలకు వేసే ఎనామిల్ డబ్బా, అరంగుళం బ్రష్షు తెప్పించుకుని ఒక్క పూత పూశాడు. నారాయణమూర్తి ముక్కు, మూతి, గడ్డం అన్నీ పెయింటు కింద మునిగిపోయి, ఎండలో ఆరబెట్టిన గుమ్మడి వడియంలా తయారయ్యాడు.

బావ దాన్ని కిటికీ మీద పెట్టి చాలాసేపు చూశాడు. "తెప్పయితే ఈపాటికి అయిపోను" అన్నాడు. నాకు అప్పుడే అర్థమైంది, పంతం పట్టాడని.

ఇవి ఎలా వెయ్యాలో తెలుసుకునే పని నా మీద పడింది. ఫోన్‌లో ఒక గడ్డం దొర వీడియోలున్నాయి గానీ మా ఊళ్ళో సిగ్నల్ రావాలంటే రేవులో బోర్లించిన తెప్ప మీదెక్కి, ఒడిశా వైపు తిరిగి నిలబడాలి. బావ అక్కడికి రాలేడు. అంచేత నేను చూసి, పరిగెత్తుకొచ్చి చెప్పేవాణ్ణి. దొర మాటలు నాకు పదింట రెండు అర్థమయ్యేవి, మిగతా ఎనిమిది నేనే సమకూర్చేవాణ్ణి. పెయింటు పల్చగా కలపాలన్నాడు దొర. దేనితో కలపాలో చెప్పబోతుండగా వీడియో ఆగి, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"దేంతో కలపమన్నాడు?" అన్నాడు బావ.

"థిన్నర్ తో" అన్నాను, తడుముకోకుండా.

సాయంత్రానికి అస్థిపంజరాల్లో ఒకటి మోకాళ్ళ దగ్గర మెత్తబడి, కత్తి కింద పెట్టి, నారాయణమూర్తి ముందు సాష్టాంగపడింది. థిన్నర్ కు ప్లాస్టిక్ కరిగిపోతుందని నాకెలా తెలుస్తుంది? బావ మాత్రం నన్నేమీ అనలేదు. చేతికందిన చెంబు నా వైపు విసిరి ఊరుకున్నాడు.

తర్వాత టర్పెంటైన్ తో కుదిరింది. బ్రష్షు కుదరలేదు. బజార్లో దొరికే సన్నటి బ్రష్షు కూడా ఆ బొమ్మల ముఖం మీద చీపురులాగే ఉంది. చివరికి గేదె దూడ చెవిలోంచి మూడు వెంట్రుకలు తెమ్మన్నాడు. దూడ నన్ను మూడు పొలాలు తిప్పింది, వెంట్రుకకో పొలం. ఆ మూడింటినీ ఈనెపుల్లకు దారంతో కట్టి, బావ తన కుంచె తనే చేసుకున్నాడు.

ఇక మొదలైంది. రోజుకొక బొమ్మ. మాంత్రికుడి అంగీ మీద చేప పొలుసులు వేశాడు. రాక్షసుడి నడుముకు మా తాతలు కట్టుకున్న గళ్ళ గోచీ వేశాడు. రెక్కల పాముకు రెక్క మీద తెప్ప నంబరు కూడా వేశాడు. మే నెల మధ్యకు ఇరవై అయిదు పూర్తయి కిటికీ పొడుగునా వరసగా నిలబడ్డాయి. అంత అందంగా వేసినా ఒక్కదానికీ చూపు లేదు. అన్నిటికీ కళ్ళ దగ్గర తెల్ల చుక్కలు మాత్రమే ఉన్నాయి.

"కళ్ళెప్పుడేత్తావు బావా?"

"పెయానం లేనోటికి కన్నెందుకురా? కిటికీ దిగి ఎక్కడికైనా ఎల్తాయా ఇవి?"

"బల్ల మీద యుద్ధానికి ఎల్తాయి గదా."

"ఎల్లేరోజు సెప్పు, ఏత్తాను."

ఈ సమాధానం నాకు నచ్చింది. ఊరంతా చెప్పుకొచ్చాను కూడా, మా బావ బొమ్మలకు సైతం పట్టింపు తప్పడని. ఒకరోజు అప్ప నన్ను పెరట్లోకి పిలిచింది.

"నువ్వు ఊరంతా టాంటాం ఎయ్యడం ఆపు. పట్టింపూ లేదు, పాడూ లేదు. కన్ను కాడికొచ్చేసరికి మీ బావ సెయ్యి వణుకుతన్నాది. నాను సూసినాను. పడ్డప్పుడు మణికట్టు కూడా బెణికినాది, డాకటేరుకి సెప్పనేదు. నూకయ్య మావకి తెలిస్తే ఏటవుతాది?"

ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. గోపి స్టిక్కరవుతుంది.

అప్పటిదాకా నేను ఆ బొమ్మల్ని కాలక్షేపం అనుకున్నాను. ఆ రోజు నుంచి వరండాలో కూర్చుని బావ చేతిని చూడటం మొదలుపెట్టాను. గళ్ళు, పొలుసులు వేసేటప్పుడు చెయ్యి బాగానే నడిచేది. మొహం దగ్గరికి రాగానే మూడు వెంట్రుకలూ మూడు దిక్కులకు ఊగేవి. బావ కుంచె దించి, రంగు సరిగా కలవలేదనేవాడు. ఎండ ఎక్కువైందనేవాడు. గోపి రేవులో గట్టిగా నవ్వాడనేవాడు.

ఒకరోజు విసుగొచ్చి కుంచెను విసిరేయబోయి, మణికట్టును పిండికట్టు మీద ఆనించాడు. రాయిలాంటి కట్టు. చెయ్యి ఆగింది. బావ ఆ కట్టు మీదే, మోకాలి దగ్గర, ఒక కన్ను గీసి నల్లగుడ్డు పెట్టాడు. మచ్చుకైనా వంకర లేదు. పక్కనే ఇంకొకటి పెట్టాడు. బొమ్మలకు పట్టింపు ఉంది గానీ పిండికట్టుకు లేదు కదా. జూన్ వచ్చేసరికి తొడ నుంచి మడమ దాకా కట్టు మొత్తం కళ్ళే. చీమ తలంతవి, చింతగింజంతవి, గవ్వంతవి. పాలు పోసే జోగయ్య ఆ కాలిని చూసి రెండు రోజులు పాలు గుమ్మం బయటే పెట్టి పోయాడు.

అప్పుడే నూకయ్య వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, ముందు కాలి వంక, తర్వాత కిటికీలో బొమ్మల వంక, తర్వాత ఏమీ లేని గోడ వంక చూశాడు.

"అల్లుడా, పదేనో తారీకు ఏడున్నరకి మంచి గడియ. అయ్యగారు సెప్పీసేరు. నువ్వు రాగలవా? గోపిగాడు రెండు కళ్ళు తీసి ఉంచాడు, పెద్దయి."

"దొబ్బించీ ఆటిని. నానొస్తాను."

"కోప్పడకు. సెయ్యి ఎలగున్నాది?"

బావ కట్టు మీద మణికట్టు ఆనించి, మామ కళ్ళ ముందే ఆవగింజంత కన్ను ఒకటి పెట్టాడు. నూకయ్య వంగి చూసి, తృప్తిగా తలూపి వెళ్ళిపోయాడు. ఆ తృప్తి చూసి నాకు భయం వేసింది. కట్టు ఉన్నంతవరకే చెయ్యి. పదకొండున కట్టు పోతుంది.

అనుకున్నట్టే అయింది. ఆసుపత్రిలో రంపంతో కట్టు నిలువునా కోసేశారు. లోపల్నుంచి వచ్చిన కాలు ఎండు మునగకాడలా ఉంది. బావ కాలి వంక చూడనే లేదు. "ఆ డొప్పలు నాకియ్యండి" అన్నాడు. కాంపౌండరు ఆ వందల కళ్ళను చూసి, ఇంట్లో ఎవరైనా చేతబడి చేయించారా అని నన్ను పక్కకు పిలిచి అడిగాడు. ఆటోలో బావ కట్టు రెండు చెక్కల్నీ ఒళ్ళో చంటిపిల్లలా పెట్టుకుని కూర్చున్నాడు. కొత్త కాలు ఏమైపోతుందో అని నేను పట్టుకున్నాను.

ఇంటికొచ్చి కట్టు లేకుండా కాగితం మీద ప్రయత్నించాడు. వణుకు అలాగే ఉంది. మంచంకోడు మీద ఆనించి చూశాడు, రోలు మీద చూశాడు, అప్ప భుజం మీద చూశాడు. అప్ప ఊపిరి తీస్తుందని ఆమెతో పోట్లాట పెట్టుకున్నాడు. చెయ్యి ఆ పిండికట్టుకే అలవాటు పడింది.

పదిహేనో తారీకు ఉదయం అయిదింటికి నేనూ ఇంకొకరూ బావను కుర్చీతో సహా రేవుకు మోసుకెళ్ళాం. నూకయ్య తెప్ప ముక్కు కింద ఇసక పోగేసి కుర్చీ నిలబెట్టాం. బావ పిండికట్టు చెక్కలు రెండింటినీ సంచీలోంచి తీసి, ఒకటిగా చేర్చి, కుడి కన్ను కింద తెప్పకు తాడుతో బిగించి కట్టమన్నాడు. కట్టాను. తెప్పకు ఒక కాలు మొలిచినట్టయింది. రేవులో జనం పకపకా నవ్వారు. గోపి కూడా వచ్చి, స్టిక్కర్లు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

బావ మణికట్టు కట్టు మీద ఆనించాడు. చెయ్యి ఆగింది. కానీ జేబులోంచి తీసింది మూడు వెంట్రుకల కుంచె.

"బావా, పెద్ద బ్రష్షు తీ. పళ్ళెమంత కన్ను అది."

"పెద్దదానికి సెయ్యంతా ఊపాల్రా. ఊపితే వణుకుతాది. నాకిదే వొచ్చు ఇప్పుడు."

చుక్క పక్కన చుక్క. పళ్ళెమంత నల్లగుడ్డును మూడు వెంట్రుకలతో నింపడం మొదలుపెట్టాడు. ఆరయింది. పక్క తెప్పలు ఒక్కొక్కటీ నీళ్ళలోకి దిగుతున్నాయి. ఆరున్నర. గుడ్డు సగం నిండింది. నూకయ్య అటూ ఇటూ నడుస్తున్నాడు. ఏడు. గుడ్డు నిండింది గానీ బావ ఆగలేదు, దాని చుట్టూ ఎర్ర జీర వేశాడు, నీలం వేశాడు, చివర పైమూల తెల్లటి మెరుపు ఒకటి పెట్టాడు. ఆ మెరుపు పెట్టగానే నవ్వుతున్నవాళ్ళు ఆగిపోయారు. నేను ఎటు జరిగితే అటు చూసింది ఆ కన్ను. గోపి స్టిక్కర్లు సంచీలో పెట్టేసుకున్నాడు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు.

"అయిపోనాది. ఎడం ఏపుకి తిప్పండి నన్ను" అన్నాడు బావ.

టైము ఏడూ ఇరవై ఆరు.

"అల్లుడా, గడియ" అన్నాడు నూకయ్య.

"రెండు గంటలాగు మావా."

"గడియ ఆగదురా. పెతీ తెప్పా ఎల్లిపోతంది."

"ఒంటి కన్నుతో ఎల్తావా?"

నూకయ్య కుర్రాళ్ళకు చెయ్యి ఊపాడు. కుర్రాళ్ళు తెప్పకు భుజాలు ఆనించారు. బావ కుర్చీలోంచే తెప్ప అంచు పట్టుకున్నాడు, ఇసకలో కుర్చీ ఒరిగింది, నేను బావను పట్టుకున్నాను, తెప్ప నీళ్ళలోకి జారిపోయింది. కుడివైపు ఆ మహా కన్ను, దాని కింద వందల కళ్ళ పిండికట్టు, ఎడమవైపు తెల్లటి సున్నా. కట్టు విప్పడం ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ రోజంతా బావ ఇసక మీద నుంచి లేవలేదు. అప్ప అన్నం అక్కడికే తెచ్చింది. తిట్టడానికి కూడా ఓపిక లేనట్టు కూర్చున్నాడు. "రేపు రానీ. రాగానే ఏసీస్తాను" అని మాత్రం రెండు మూడు సార్లు అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నూకయ్య తెప్ప తిరిగొచ్చింది. ఎంత చేప వచ్చిందో నేను చెబితే మీరు నమ్మరు, అందుకే తగ్గించి చెబుతున్నాను. తెప్ప అంచు నీటికి నాలుగు వేళ్ళ ఎత్తున మాత్రమే ఉంది. మిగతా తెప్పలన్నిటికీ వచ్చింది ఒక ఎత్తు, దీనికొక్కదానికి వచ్చింది ఒక ఎత్తు. పిండికట్టు ఉప్పునీళ్ళలో నాని, కరిగి, కళ్ళన్నిటితో సహా సముద్రంలో కలిసిపోయింది. ఉత్త తాడు మిగిలింది.

బావ కర్ర ఊతంతో తెప్ప దగ్గరికి వెళ్ళాడు, కుంచె చేతిలో పట్టుకుని. "మావా, ఒడ్డుకి లాగించు. ఎడం కన్ను ఏసీస్తాను."

నూకయ్య తెప్పకు బావకు మధ్య నిలబడ్డాడు. "ఒద్దురా."

"ఏటొద్దు?"

"ఒంటికన్నుతో ఎల్లింది, ఇంత సేప తెచ్చింది. ఇప్పుడు రెండోది తెరిస్తే ఏటవుతాదో. ముట్టుకోకు అల్లుడా. వొచ్చే నిషేదానికి ఏద్దువు గాని."

"పది నెలలు మావా. ఊరు ఊరంతా గంగులుకి సేతకాక ఒగ్గీసినాడంటారు."

"అననీ. సేప ముందు ఊరేటి."

బావ బతిమాలాడు, తిట్టాడు, నా చేత తనను ఒకసారి తెప్ప దాకా ఈదించుకోవాలని కూడా చూశాడు. దాంతో నూకయ్య కొడుకు కాపలాకని తెప్పలోనే పడుకోవడం మొదలుపెట్టాడు. ప్రతి రోజూ ఆ తెప్ప మా వరండా ఎదురుగా దక్షిణానికి వెళ్ళేటప్పుడు కుడి కన్నుతో బావను చూస్తూ వెళ్ళేది. తిరిగి వచ్చేటప్పుడు ఎడమవైపు తెల్ల సున్నా చూపిస్తూ వచ్చేది. పొద్దున్న గర్వం, సాయంత్రం పళ్ళు కొరుక్కోవడం. అదే బావ దినచర్య అయింది.

ఆగస్టులో నేను విశాఖపట్నం నుంచి వచ్చేసరికి కిటికీలో బొమ్మలు వేరే రకంగా కనిపించాయి. దగ్గరికి వెళ్ళి చూశాను. చూపు వచ్చింది. నారాయణమూర్తికి ఎడమ కన్ను ఉంది. మాంత్రికుడికి ఎడమ కన్ను. సాష్టాంగపడ్డ అస్థిపంజరానికి కూడా, తల వంచి చూస్తే, ఎడమ కన్ను. ఎవరికీ కుడి కన్ను లేదు.

"ఏటయ్యా ఇది, పెయానం లేనోటికి కళ్ళెయ్యకూడదన్నావు" అంది అప్ప, నా కోసమే మళ్ళీ అడుగుతున్నట్టు.

"ఈటికి లేదు పెయానం. నాకున్నాది, ఏప్రిల్ పదేనుకి."

"మరి కుడి కళ్ళో?" అన్నాను.

"కుడిది వొచ్చు గదా నాకు."

చెయ్యి దేని మీదా ఆనించలేదు. గాలిలోనే పట్టుకున్నాడు. మొదటి బొమ్మకు నల్లగుడ్డు చెంప మీద పడింది. పదో బొమ్మకు కనుబొమ్మ దగ్గర. ఇరవయ్యోదానికి కంటి అంచున. ముప్పయ్యోది దాదాపు లోపలే ఉంది. రేవులో నూకయ్య తెప్ప తెల్ల సున్నా చూపిస్తూ ఒడ్డు వైపు వస్తోంది. బావ అటు ఒకసారి చూసి పళ్ళు కొరికాడు. ఇంకా చూపు లేని బొమ్మలు మూడే మిగిలాయి. అందులోంచి రెక్కల పామును చేతిలోకి తీసుకుని, నన్ను ఎండకు అడ్డం తప్పుకోమన్నాడు.